గైడ్ల చోటు

తిరుపతి, గురువారం

మేనల్లుడు చేపలు పట్టే ఏడడుగుల స్పిన్నింగ్ రాడ్డుకు పాత గైడ్లు, అంటే లైను (గాలపు దారం) దూరి పోయే రింగులు, ఊడదీసి కొత్తవి కట్టే పనితోనే ఈ రోజంతా గడిచింది. పాతవాటిలో ఒకదాని సిరామిక్ రింగుకు కంటికి ఆనని పగులు ఉన్న సంగతి, లోపల దూది తిప్పి చూసినప్పుడు పోగులు పట్టుకోవడంతో బయటపడింది. అంత చిన్న పగులు చాలు, నైలాన్ లైనును గీకి గీకి, సరిగ్గా పెద్ద చేప పడ్డప్పుడు తెంపేయడానికి. మిగిలిన వాటి కాళ్లకు, అంటే కర్రకు ఆనించి కట్టే లోహపు కొసలకు, కూడా తుప్పు పట్టి ఉండడంతో అన్నింటినీ మార్చడమే మేలనిపించింది. చెరువుగట్టున వెదురు గాలం వేసేవారికి ఈ తంటా ఏదీ లేదు, వారి దారం కర్ర కొసకే కట్టి ఉంటుంది.

అడుగుకొకటి చొప్పున గైడ్లు, కొసన తొడిగే ఆఖరి రింగు, టిప్‌టాప్, అదనంగా ఉండాలన్నది అందరూ పాటించే లెక్క. పిడి దగ్గర లైను చుట్టి ఉండే స్పిన్నింగ్ రీలు నుంచి అది వెడల్పాటి చుట్టలుగా వస్తుంది కనుక మొదటి రింగు అన్నింటికంటే పెద్దదిగా ఉంటుంది. అక్కడి నుంచి కొసకు పోయేకొద్దీ రింగులు చిన్నవవుతాయి, వాటి మధ్య ఎడమూ తగ్గుతుంది. ముందుగా టిప్‌టాప్‌ను వేడికి కరిగే జిగురుతో అతికించాను. రేపెప్పుడైనా విరిగితే కాస్త వేడి చూపించి సులువుగా ఊడదీయవచ్చు.

"ఏంది మామా, టేపుతో కొలిచి కట్టేస్తే అయిపోదా?" అని వాడు విసుక్కున్నాడు. కొలతల పట్టికలు దొరకవని కాదు, కానీ ఏ రెండు కర్రలూ ఒకేలా వంగవు గనుక ఆ అంకెలను మొదటి అంచనాగానే తీసుకోవాలి. అందుకే గైడ్లను టేపుతో తాత్కాలికంగా నిలబెట్టి, లైనును అన్నింటిలో నుంచి పోనిచ్చి, దాని కొసను మేడమీది పిట్టగోడ ఇనుప కడ్డీకి కట్టి, చేప లాగుతున్నంత బరువు పడేలా కర్రను వంచి పట్టుకోమన్నాను. స్పిన్నింగ్ రాడ్డుకు గైడ్లు అడుగు వైపున వేలాడతాయి కాబట్టి, ఎడం ఎక్కువైన చోట లైను వంపును విడిచి అడ్డదారిన తిన్నగా పోతుంది, గైడు దగ్గర కోణం పడుతుంది, బరువంతా ఆ ఒక్క చోట మోపుతుంది. మూడో గైడు దగ్గర అదే కనిపించింది. దాన్ని వేలెడు కొసవైపు జరిపి, దాని వెనుకదాన్ని కూడా కొంచెం సర్ది మళ్లీ వంచగా, లైను కర్ర వంపును ఒదిగి అనుసరించింది. కర్రకు వెన్ను, అంటే మిగతా వైపులకంటే గట్టిగా ఉండే పక్క, ఉంటుందని, దాన్ని పట్టే గైడ్లు పెట్టాలని గట్టిగా వాదించేవారున్నారు. నా మటుకు నాకు కర్ర నిటారుగా కనిపించే వైపే ముఖ్యం.

దారం చుట్టడం మధ్యాహ్నానికి మొదలైంది. గైడు కాలి చివరను ఆకురాయితో పలచగా అరగదీయకపోతే, దారం కర్ర మీద నుంచి కాలి మీదికి ఎక్కేచోట సందు మిగిలిపోతుంది. గాంధీరోడ్డులో తెచ్చిన నైలాన్ దారాన్ని ఓ లావుపాటి పుస్తకం పుటల మధ్య నుంచి లాగితే బిగువు సమంగా వచ్చింది. దారాన్ని కదిలించకుండా కర్రనే తిప్పుతూ, చుట్టు పక్కన చుట్టు ఒత్తుగా పడేలా గోటితో నెట్టుకుంటూ పోవాలి. ఆఖరి ఐదారు చుట్ల కింద విడి దారంతో ఒక ఉచ్చు వేసి ఉంచి, కోసిన కొసను అందులో దూర్చి లాగేస్తే అది చుట్ల కిందికి దూరి అక్కడే బిగుసుకుంటుంది. ముడి అవసరం లేదు.

పూత పూయక ముందే పిడి వైపు నుంచి ఒంటికన్నుతో చూసి, అటూ ఇటూ ఒరిగిన గైడ్లను వేలితో సర్దాను. రెండు ద్రవాలు కలిపి చేసే ఎపాక్సీ పూత పట్టాక అవి మరి కదలవు. రెండు సీసాల ద్రవాన్నీ సమానంగా తీసుకుని, బుడగలు రాకుండా నెమ్మదిగా కలిపి, కుంచెతో పలచగా పూసి, ఒకవైపుకు జారి గడ్డకట్టకుండా కర్రను తిప్పుతూ కూర్చున్నాము. ఆ తిప్పే పనిని వాడికే అప్పగించాను. ఆదివారం పిచ్చాటూరు దాకా వెళ్లి అరణియార్ జలాశయం నీళ్లలో దీన్ని వేసి చూడాలని వాడి తొందర. అప్పటికి పూత గట్టిపడుతుంది గానీ, శనివారం సాయంత్రం లైను ఎక్కించి ఇంకోసారి వంచి చూశాకే కర్రను వాడి చేతికిస్తాను.