చౌమహల్లాలో చెల్లి పెళ్లి

"స్తంభాలకి మేకులు, టేపులు ఏవీ వద్దన్నా. కొబ్బరాకుల పందిరి విడిగా నిలబెట్టు" అని డెకరేటర్‌కి చెబుతూ హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లోని దర్బారు హాలు, ఖిల్వత్ ముబారక్ ముందు నిలబడ్డాను.

చెల్లికి బీచ్ రిసార్టులా కావాలి. అరటి గెలలు, రాణీ పింక్ కాగితంపూలు, చిలకాకుపచ్చ పరదాలు. నాకేమో ఆ నగిషీలన్నీ పూల వెనక దాగిపోతాయేమోనని బెంగ. నిజాములు దర్బారు తీర్చిన చోటు కదా!

లోపల 19 బెల్జియం షాండ్లియర్లు. అవి కనబడకుండా అడ్డంగా బ్యాక్‌డ్రాప్ కట్టేది లేదు. ఈ మాట మీద అమ్మ కూడా నా వైపే.

రంగులన్నీ కొలను చుట్టూ పెట్టిస్తున్నాం. నీళ్లలో మహలు నీడ చూసి చెల్లి మెత్తబడింది, "తెల్లపూలే పెట్టిద్దామా అక్కా" అంది. నేనే వద్దన్నాను. పెళ్లికూతురు రంగులు కోరుకుంది, రంగులే ఉండాలి.

కాగితంపూలు మాత్రం కుండీలతోనే తెప్పిస్తున్నాం. పెళ్లయ్యాక చుట్టాలు తలా ఒకటి పట్టుకెళ్లొచ్చు.