కెమెరాలకు డబ్బుంది, మనిషికి లేదు: మా ఊరి టీవీ స్టేషన్ కోసం తిరిగిన పది నెలలు

మొన్న మంగళవారం రాత్రి పదకొండున్నరకి సిటీ కౌన్సిల్లో ఓటింగ్ అయింది. ముగ్గురు సరేనన్నారు, ఇద్దరు వద్దన్నారు. మా ఊరి పబ్లిక్ యాక్సెస్ టీవీ స్టేషన్ ఇంకో ఏడాది నడుస్తుంది. ఇంటికొచ్చి ఇంత పెరుగన్నం తిని పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు. గెలిచిన సంతోషం కంటే ఫిబ్రవరిలో అదే హాల్లో నాకు జరిగిన అవమానమే కళ్ల ముందు తిరిగింది. మరిచిపోకముందే రాసి పెడుతున్నాను. కాలిఫోర్నియాలో సిటీ కమిటీల్లో ఉన్న మనవాళ్లకు పనికొస్తుంది.

ఇండియాలో ఉన్నవాళ్లకు ముందుగా ఒక మాట. ఇది మన టౌన్లలో కేబుల్ ఆపరేటర్ నడిపే లోకల్ ఛానల్ లాంటిది కాదు. ఊళ్లో ఉండే ఎవరైనా వెళ్లి, కొన్ని ట్రైనింగ్ క్లాసులకు కూర్చుని, అక్కడి కెమెరాలు, స్టూడియో వాడుకుని తన ప్రోగ్రాం తానే చేసుకోవచ్చు. అందులో ఏం చెప్పాలో కేబుల్ కంపెనీ నిర్ణయించడానికి వీల్లేదు. 1971లో న్యూయార్క్ నగరంలోని మాన్‌హట్టన్‌లో ఇలాంటి ఛానళ్లు మొదలయ్యాయి. దీని వెనకున్న లెక్క సూటిగా ఉంటుంది. కేబుల్ కంపెనీ తీగలు ఊరి రోడ్ల కింద, ఊరి దారుల వెంబడి పోతాయి కాబట్టి ఊరికి అద్దె లాంటిది కట్టాలి. దాన్ని ఫ్రాంచైజ్ ఫీజు అంటారు. అది కంపెనీ కేబుల్ ఆదాయంలో 5 శాతం దాటకూడదని 1984 నాటి కేబుల్ చట్టం చెప్పింది. ప్రజలకు, చదువులకు, స్థానిక ప్రభుత్వానికి ఛానళ్లు అడిగి తీసుకునే హక్కును కూడా అదే చట్టం ఊళ్లకు ఇచ్చింది.

నాకూ ఈ స్టేషన్‌కూ సంబంధం 2021లో మొదలైంది. వ్యాక్సిన్ అపాయింట్‌మెంట్ ఎలా తీసుకోవాలో మన పెద్దవాళ్లకు తెలుగులో చెప్పడానికి అక్కడ అరగంట ప్రోగ్రాం చేశాను. లైట్లు, కెమెరాలు, సౌండ్ అన్నీ ఒకే ఒక్క ఉద్యోగి చూసుకున్నాడు. మా అత్తయ్య తన గదిలో కూర్చుని ఆ ప్రోగ్రాం రెండుసార్లు చూశారు. "ఫోన్లో పంపితే ఎవరికి కనిపిస్తుందమ్మా? టీవీలో చెప్పావు కాబట్టి అర్థమైంది" అన్నారు. ఆ మాట నేను మరిచిపోలేదు.

పోయిన సెప్టెంబరులో స్టేషన్ నష్టాల్లో ఉందని, ఊళ్లోని కమ్యూనిటీ లీడర్లతో తొమ్మిది మంది సలహా కమిటీ వేస్తున్నామని సిటీ కౌన్సిల్ ప్రకటించింది. తెలుగు సంఘం పనులు చాలా ఏళ్లుగా చూస్తున్నాను కాబట్టి నేనూ అప్లై చేశాను. దరఖాస్తు, పది నిమిషాల ఇంటర్వ్యూ, ఆన్‌లైన్‌లో రెండు గంటల ట్రైనింగ్. ఇవన్నీ మూడు వారాల్లో అయిపోయాయి.

మొదటి మొట్టికాయ ఈమెయిల్ దగ్గర పడింది. మొదటి మీటింగ్ అయిన రాత్రే నాకు తోచిన సలహాలన్నీ రాసి తొమ్మిది మందికీ పంపాను. ఐదుగురు జవాబులిచ్చారు. పొద్దున్నే సిటీ క్లర్క్ ఫోన్. కాలిఫోర్నియాలో 1953 నుంచి బ్రౌన్ యాక్ట్ అని ఒక చట్టం ఉంది. కౌన్సిల్ వేసిన కమిటీ సభ్యుల్లో సగానికి మించి ఈమెయిళ్లలో చర్చించుకుంటే, అది జనానికి తెలియకుండా జరిపిన మీటింగ్ కిందికే వస్తుంది. మామూలు మీటింగ్ అజెండా 72 గంటల ముందు అందరికీ కనిపించేలా పెట్టాలి. నిజానికి ఇది మంచి చట్టం. మన సంఘాల్లో ఎన్నికలు, లెక్కలు ఇలా జరిగితే ఎన్ని గొడవలు తప్పేవో అనిపించింది.

తర్వాత నాలుగు నెలలు సలహాలే సలహాలు. ఈ విషయంలో నా కోపం దాచుకోను. ఒకాయన ప్రతిసారీ "అంతా యూట్యూబ్‌లో పెట్టేయండి, స్టేషన్ ఎందుకు?" అనేవాడు. ఇంకొకావిడ లోగో మార్చమంది. వాణిజ్య మండలి తరఫున వచ్చిన పెద్దమనిషి యాడ్స్ వేసుకోమన్నాడు, ఈ ఛానళ్లు వ్యాపార ప్రకటనల కోసం కాదని తెలియకుండానే. ఇద్దరైతే ఫొటోలకు తప్ప దేనికీ రాలేదు. మా అందరిలో ఒక్కరమైనా స్టేషన్‌కు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, దేని మీద ఖర్చు పెట్టవచ్చు అని అడగలేదు. నేనూ అడగలేదు. స్టేషన్ మేనేజర్ ప్రతి సలహానూ తలూపి రాసుకునేవాడు.

ఇక ఫిబ్రవరి సంగతి. కౌన్సిల్ ముందు కమిటీ తరఫున మాట్లాడే బాధ్యత నాకు అప్పగించారు. నేను వారం రోజులు కూర్చుని పాత లెక్కలు తిరగేశాను. ఒక ఖాతాలో నాలుగు లక్షల డాలర్లకు పైగా ఉన్నాయి. పీఈజీ ఫీజు, అంటే ఈ ఛానళ్ల పేరుతోనే కేబుల్ బిల్లులో ప్రతి ఇంటి నుంచీ వసూలు చేసే డబ్బు. ఒకవైపు ఇద్దరు ఉద్యోగులను తీసేస్తామంటున్నారు, ఇంకోవైపు అంత డబ్బు ఊరికే పడి ఉంది. నాకు రక్తం మరిగింది. స్లైడ్లు తయారు చేసి, ఆ డబ్బుతో ఇద్దరి జీతాలు మూడేళ్లు నడుస్తాయని పెద్ద అక్షరాలతో చూపించాను. పట్టుచీర కట్టుకుని వెళ్లాను. మన పిల్లలు నలుగురు వెనక వరసలో కూర్చున్నారు.

నేను ముగించగానే సిటీ అటార్నీ, అంటే సిటీ తరఫు లాయరు, మైకు ముందుకు వంగి, గొంతు పెంచకుండా అన్న మాటలివి: "ఆ నిధి స్టూడియో, పరికరాల లాంటి పెట్టుబడి ఖర్చులకే. జీతాలకు వాడితే చట్టవిరుద్ధం. కమిటీ సభ్యురాలు మన ఆర్డినెన్స్ చదివారా?" ఆర్డినెన్స్ అంటే ఇక్కడ సిటీ చేసుకున్న చట్టం. నేను చదవలేదు. చదవలేదనే చెప్పాను. హాల్లో ఎవరో నవ్వారు. వెంటనే ఒక కౌన్సిల్ సభ్యుడు, "పోనీ, ఈ ఛానల్ ఎంతమంది చూస్తారో చెప్పండి" అన్నాడు. దానికీ నా దగ్గర జవాబు లేదు. పెద్ద టీవీ ఛానళ్లకు వచ్చినట్టు మా స్టేషన్‌కు రేటింగ్ లెక్కలేవీ రావు. ఆ ఒక్క వాక్యం కూడా నాకు నోట రాలేదు. "చాలామంది" అన్నాను. "చాలామంది అంటే?" అన్నాడు. ఇంతలో గంట మోగింది, నా సమయం అయిపోయింది.

ఇది అక్కడితో ఆగలేదు. కౌన్సిల్ మీటింగులను మా స్టేషనే ప్రసారం చేస్తుంది, వారమంతా మళ్లీ మళ్లీ వేస్తుంది. ఏ స్టేషన్‌ను కాపాడాలని వెళ్లానో, నేను నోరు మెదపలేక నిలబడిపోయిన ఆ నాలుగు నిమిషాలను అదే స్టేషన్ నాలుగైదుసార్లు చూపించింది. గుడిలో ప్రసాదం దగ్గర ఒకావిడ, "మిమ్మల్ని టీవీలో చూశామండీ, పాపం" అంది. ఆ "పాపం" అన్న మాట తట్టుకోలేకపోయాను. కారులో కూర్చుని ఏడ్చాను. అత్తయ్య మాత్రం, "తెలియనిది తెలియదన్నావు, తప్పేముంది? ఇప్పుడు తెలుసుకో" అన్నారు. ఆ మాట అనకపోయి ఉంటే మర్నాడే రాజీనామా పంపేదాన్ని.

రెండు రోజుల తర్వాత మేనేజర్‌ను నిలదీశాను. "నా స్లైడ్లు ముందే చూశారు కదా, ఎందుకు చెప్పలేదు?" అని. అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీరంతా ఊరి పెద్దలు. మీకు ఎదురు చెబితే మీరూ వెళ్లిపోతారు. ఇంతకుముందు వేసిన కమిటీ అలాగే వెళ్లిపోయింది" అన్నాడు. నాకు కోపం పోయింది. మునిగిపోతున్నవాడు ఒడ్డున నిలబడి సలహాలిచ్చేవాళ్లతో వాదించలేడు. ఆ తర్వాత నుంచి నేను అతనికి సలహా చెప్పడం మానేసి, ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాను.

అప్పుడు తెలిసిన లెక్క ఇది. జాగ్రత్తగా చదవండి, మీ ఊరికీ ఇదే వర్తించవచ్చు. డబ్బు రెండు సంచుల్లో ఉంటుంది. మొదటిది 5 శాతం ఫ్రాంచైజ్ ఫీజు. ఇది సిటీ జనరల్ ఫండ్‌లో కలుస్తుంది. పోలీసులకు, పార్కులకు, దేనికైనా వాడుకోవచ్చు, టీవీ స్టేషన్ జీతాలకు కూడా. రెండోది పీఈజీ ఫీజు, మామూలుగా 1 శాతం. 1984 చట్టం ప్రకారం 5 శాతం పైన ఊరు తీసుకునే ఈ డబ్బు స్టూడియో, పరికరాల లాంటి పెట్టుబడి ఖర్చులకే పోవాలి. 2006లో కాలిఫోర్నియా కొత్త చట్టం తెచ్చింది. అప్పటిదాకా ప్రతి ఊరూ కేబుల్ కంపెనీతో కూర్చుని బేరమాడేది. స్టూడియో నడపండి, మనుషులను పెట్టండి అని అడిగేది. కొత్త చట్టంతో ఫ్రాంచైజ్ ఇచ్చే అధికారం రాష్ట్రానికి పోయింది, ఊరి చేతిలో బేరం లేకుండా పోయింది. లాస్ ఏంజెలెస్ లాంటి మహానగరంలో కేబుల్ కంపెనీ నడిపిన పబ్లిక్ యాక్సెస్ స్టూడియోలు 2009 వచ్చేసరికి మూతపడ్డాయి. అందుకే మా స్టేషన్‌లో మూడు కొత్త కెమెరాలు అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. తీసి బిగించే మనిషికి ఇవ్వడానికి జీతం లేదు.

అదే 2006 నవంబరులో ఇండియా స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో పెట్టుకునే అవకాశం ఇచ్చింది. 2008 అక్టోబరులో జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో మొదలైంది. తమ పంటల గురించి, పాటల గురించి తమ యాసలో తామే మాట్లాడుకుంటారు. ఆ ఆడవాళ్లు చేయగలిగింది సిలికాన్ వ్యాలీ పక్కన ఇన్ని డబ్బులుండి మనం చేయలేమా అని నేను కమిటీలో అడిగాను. ఇప్పటికీ అడుగుతాను.

ఇంకో సమస్య కూడా ఉంది. ఈ రెండు సంచులూ కేబుల్ టీవీ ఆదాయం మీదే నిండుతాయి. జనం కేబుల్ తీసేసి ఇంటర్నెట్‌లో సినిమాలు చూసేకొద్దీ రెండూ చిక్కిపోతాయి. తీగలు ఆ రోడ్ల కిందే ఉంటాయి, కానీ లెక్క మారిపోతుంది. కాబట్టి "వచ్చే ఏడాది చూద్దాం" అన్నవాళ్లను నమ్మకండి.

మార్చి నుంచి దారి మార్చాం. సిటీ బడ్జెట్ పుస్తకం ఎవరైనా చూడవచ్చు. అందులో ఫ్రాంచైజ్ ఫీజు అన్న వరస వెతికి పట్టుకున్నాను. ఆ వరసలో నుంచి ఒక చిన్న వాటా, ఒక పూర్తికాలం ఉద్యోగి, ఒక పార్ట్‌టైమ్ ఉద్యోగి జీతాలకు. అంతే అడిగాం. పాత కెమెరాల రిపేర్లకు విరాళాల డబ్బు తీయడం ఆపి, కొత్త పరికరాలన్నీ పీఈజీ ఖాతా నుంచే కొనమన్నాం. అలా విరాళాల డబ్బు కరెంటు బిల్లులకు మిగిలింది. ప్రతి అడుగూ సిటీ అటార్నీ ఆఫీసుకు ముందే రాసి అడిగాను. ఆయన జవాబులు పొడిపొడిగా ఉండేవి గానీ టైముకి వచ్చేవి. ఆయన మీద నాకు ఇంకా మనసు విరిగే ఉంది. ఆ ప్రశ్న హాల్లో అడగకుండా ముందురోజు ఫోన్లో చెప్పి ఉండవచ్చు.

ఎంతమంది చూస్తారన్న ప్రశ్నకు జవాబుగా స్టేషన్‌లో పాత రిజిస్టర్లు తీశాం. ఎవరెవరు వచ్చి ప్రోగ్రాంలు చేశారో పేరు పేరునా రాశాం. హైస్కూల్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లు తీసిన పిల్లలు, ఇరవై ఏళ్లుగా కాంటొనీస్‌లో వంటలు చూపించే పెద్దావిడ, స్పానిష్ చర్చి వాళ్లు, దరీలో వార్తలు చదివిన ఆఫ్ఘన్ మేష్టారు. జూన్ మీటింగ్‌లో కమిటీ లీడర్లు ఎవరూ మాట్లాడవద్దని పట్టుబట్టాను. వీళ్లనే మాట్లాడించాం. తెలుగువాళ్లు పదకొండు కుటుంబాలు వచ్చారు. బాంక్వెట్ హాల్ డిన్నర్‌కు నాలుగు వందల మందిని పోగు చేయడం నాకు ఎప్పుడూ కష్టం కాలేదు. కౌన్సిల్ మీటింగ్‌కు ఈ పదకొండు కుటుంబాలను రప్పించడానికి ఇంటింటికీ ఫోన్ చేశాను, ఇది నేను గర్వంగానే చెబుతాను. ఇక్కడ ఇళ్లు కొంటాం, పన్నులు కడతాం, ఊరి నిర్ణయాలు జరిగే చోటుకు మాత్రం వెళ్లం. ఇది మారాలి.

ఆ రాత్రి అత్తయ్య వీల్‌చెయిర్‌లో మైకు దగ్గరికి వెళ్లారు. తెలుగులో మాట్లాడారు, మా అమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది. "ఈ ఊళ్లో నాకు అర్థమయ్యే భాషలో మాట్లాడిన టీవీ ఇదొక్కటే. ఆ లైట్లు వేసే అబ్బాయిని ఉంచండి" అన్నారు. ఫిబ్రవరిలో నన్ను ఎంతమంది అని అడిగిన కౌన్సిల్ సభ్యుడు ఈసారి ఏమీ అడగలేదు. అయినా వ్యతిరేకంగానే ఓటు వేశాడు.

డబ్బు జూలై 1 నుంచి వస్తుంది. జనవరిలో లెక్క చూపించాలి. శనివారం పదింటికి స్టూడియో ట్రైనింగ్ క్లాసు పెట్టాం, అట్టపెట్టెల్లోని కెమెరాలు ఆ రోజే బయటికి తీస్తున్నాం.