ఐదు నిమిషాలు చాలవా?

ఎల్‌పీలు, అంటే పన్నెండంగుళాల పెద్ద గ్రామఫోన్ రికార్డులు, కొనేవాళ్ళు మన విజయనగరంలో కూడా నలుగురైదుగురు తేలారు ఈమధ్య. కానీ ఏడంగుళాల సింగిల్ అనేసరికి అందరిదీ ఒకటే మాట, వైపుకి ఒక్క ట్రాక్, పోస్టేజీతో కలిపితే ఎల్‌పీ అంత ధర, నీకేమైనా పిచ్చా అని. పిచ్చే అనుకోండి. ఏ పెద్ద కంపెనీ అండా లేకుండా ప్రయోగాలు చేసేవాళ్ళ కొత్త పని వినాలంటే నాకు సింగిలే ఇష్టం, ఎందుకంటే దాంట్లో చోటు లేదు.

సింగిల్ తిరిగే 45 స్పీడులో, అంటే నిమిషానికి 45 చుట్లు, వైపుకి హాయిగా పట్టేది నాలుగు నిమిషాలు, మహా అయితే ఐదు. ఇంకా ఇరికించాలంటే సూది నడిచే గాడులు దగ్గరదగ్గరగా కొయ్యాలి, అప్పుడు సౌండూ బాసూ తగ్గించక తప్పదు, లేకపోతే బాస్‌కి గాడి అటూ ఇటూ ఊగి పక్క గాడిని తినేస్తుంది. అందుకే గంటసేపు ఒకే శ్రుతి పట్టుకుని వాయించేవాడు కూడా సింగిల్ దగ్గరికి వచ్చేసరికి ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో కూర్చుని తేల్చుకోవాలి. మన ఊరికి ఇదేం కొత్త కాదు. 1919లో పెట్టిన మన సంగీత కళాశాలలో వయొలిన్ చెప్పిన ద్వారం వెంకటస్వామినాయుడుగారి కాలంలో, 78 రికార్డుకి వైపుకి మూడు, మూడున్నర నిమిషాలే. అంత రాగాన్నీ ఆ కాస్తలో చెప్పేసి దిగిపోవాలి.

నాకు బాగా నచ్చేవి చివరి గాడిని మూసేసిన రికార్డులు. మామూలుగా గాడి లోపలికి చుట్టుకుంటూ పోతుంది కదా, వీటిలో అది తిరిగి తనలోనే కలుస్తుంది, సూది అక్కడే తిరుగుతుంటుంది. 45 మీద ఒక చుట్టు అంటే సుమారు 1.33 సెకన్లు. ఆ ముక్క మనం లేచి ఆపేదాకా మోగుతూనే ఉంటుంది. 1990ల్లో అమెరికాలో ఆర్‌ఆర్‌రికార్డ్స్ అనే చిన్న కంపెనీ వాళ్ళు ఒక్క ఏడంగుళాల మీద ఇలాంటివి వంద పెట్టారు! మొన్న నేను ఒక కొత్త సింగిల్ అలా వదిలేసి ఫోన్ మాట్లాడుతుంటే మా అమ్మ వంటింట్లోంచి, "ఏటిరా అది, సూది ఇరుక్కుపోనాదేటి?" అంది. కాసేపటికి ఆవిడే ఆ టకటకకి తగ్గట్టు ఉల్లిపాయలు తరుగుతోంది.

ఇంకోరకం లేత్ కట్‌లు. ఫ్యాక్టరీలో అచ్చు వెయ్యకుండా, ఒక్కో కాపీనీ పాట నడిచినంతసేపూ మెషీన్ మీద కోస్తారు. న్యూజిలాండ్‌లో పీటర్ కింగ్ పాలీకార్బనేట్ షీట్ల మీద ఇలా ఏళ్ళ తరబడి కోశాడు. వైపుకి నాలుగు నిమిషాల చొప్పున యాభై కాపీలంటే కోతకే 400 నిమిషాలు. సౌండ్ కాస్త గరగరగా ఉంటుంది, కాదనను. కానీ నలభై యాభై మందే వినే సంగీతానికి ఫ్యాక్టరీ ఎందుకు?

నచ్చనివీ ఉన్నాయి. నెట్‌లో ఎప్పటి నుంచో ఉన్న ఫైలునే రెండుగా విరగ్గొట్టి, రంగురంగుల ప్లాస్టిక్ మీద అచ్చేసి, వెనకాల నంబరు రాసి అమ్మేవి. అమెరికా రాక్ బ్యాండ్ నిర్వాణ మొదటి సింగిల్‌ని 1988లో సబ్ పాప్ కంపెనీ వాళ్ళు నంబర్లు రాసి వెయ్యే వేశారు, దానికి తర్వాత వచ్చిన గిరాకీ చూసి ఇప్పుడు ప్రతివాడూ నంబర్లు వేస్తున్నాడు. వందలో పదిహేడోది అయితే నాకేంటి, లోపల ఏముందో చెప్పు ముందు.

కొందామనుకునేవాళ్ళకి ఒక మాట. అమెరికా నుంచి వచ్చేవాటిలో చాలావాటికి నడుమ పెద్ద కన్నం ఉంటుంది, ఆ కన్నంలో పెట్టే అడాప్టర్ బిళ్ళ లేకపోతే ప్లేయర్ మీద కూర్చోదు. తాతలనాటి ఫియెస్టా ప్లేయర్ అటక మీద ఉంది కదా అని దాని మీద మాత్రం పెట్టకండి, ఆ సూది బరువుకి కొత్త గాడి అరిగిపోతుంది. ఇక పోస్టేజీ సంగతి: ఒక్కటి తెప్పించినా నాలుగు తెప్పించినా పెద్ద తేడా ఉండదు, కాబట్టి శ్రీకాకుళం, బొబ్బిలి వైపు ఎవరైనా ఉంటే చెప్పండి, సిరిమానోత్సవం అయ్యాక అందరం కలిపి ఒకే ఆర్డర్ పెడదాం.