కాయిల్ బాగానే ఉంది, వైరు బాడీకి తగిలింది

మొన్నటి వానలకు తిప్పర్తి దగ్గర మా బత్తాయి తోటలో గడ్డి మోకాళ్ల దాకా పెరిగింది. గడ్డి కోసే మిషన్ బయటికి తీస్తే స్టార్ట్ కాలేదు. తాడు లాగీ లాగీ బాపు చెయ్యి వాచింది. పెట్రోల్ తడి తుడిచి, ప్లగ్ విప్పి క్యాప్‌కు పెట్టి, ఇంజన్ బాడీకి ఆనించి లాగాం. రవ్వ లేదు. కొత్త ప్లగ్ వేసినా అంతే. నల్లగొండలో మెకానిక్ చూడకుండానే ప్లగ్‌కు కరెంటు పంపే కాయిల్ పోయిందన్నాడు. "ఒక్కసారి మనమే చూద్దాం బిడ్డా" అన్నాడు బాపు.

ఈ ఇంజన్‌కు బ్యాటరీ ఉండదు. తాడు లాగితే తిరిగే చక్రం, అంటే ఫ్లైవీల్‌లోని అయస్కాంతం కాయిల్ పక్క నుంచి తిరిగినప్పుడే కరెంటు పుడుతుంది. ఆఫ్ స్విచ్ నొక్కితే ఆ కరెంటు ఒక సన్న వైరులోంచి బాడీకి ఎర్త్ అయి, ప్లగ్‌లో రవ్వ రాక ఇంజన్ ఆగుతుంది. నా అనుమానమంతా ఆ వైరు మీదే. దాన్ని కాయిల్ దగ్గర పీకేసి లాగితే, టక్కున నీలం రవ్వ!

కవర్ విప్పి చూశాం. ఎలుక కొరికిన చోట గోరంత రాగి తీగ తేలి బాడీకి అంటుకుని ఉంది. అంటే స్విచ్ నొక్కకుండానే ఇంజన్ ఆఫ్‌లో ఉన్నట్టే. టేప్ చుట్టి వైరు మళ్లీ తగిలించాం. అది లేకపోతే తిరిగే బ్లేడును వెంటనే ఆపలేం కదా.

రెండో లాగుడుకే స్టార్ట్ అయింది. బాపు మొహంలో ఎంత సంతోషమో! పొద్దుగూకేసరికి ఆరు సాళ్ల గడ్డి కోసేశాం.