ఆశ్వయుజం ఎండ, పొట్లకాయ కూర

ఆశ్వయుజ బహుళ పాడ్యమి

వానలు తగ్గాయో లేదో, బెజవాడ ఎండ మళ్లీ మొదలు. రైతు బజారు నుంచి ఇంటికొచ్చేసరికి కళ్లు ఒకటే మంట. అత్తయ్య నా మొహం చూసి, "పైత్యం చేసింది. ఇవాళ పులుపు, కారం జోలికి పోకు, పెసరపప్పు వండు" అన్నారు.

మామయ్యగారి బీరువాలో తెలుగు తాత్పర్యంతో ఉన్న పాతకాలపు ఆయుర్వేద గ్రంథం అష్టాంగహృదయం తీసి చూశాను. ఋతుచర్య అధ్యాయంలో దాన్ని రాసిన వాగ్భటుడు చెప్పిందీ ఇంచుమించు అదే. వానాకాలమంతా ఒంట్లో పోగైన పిత్తం, శరత్తులో ఒక్కసారిగా ఎండ తగిలేసరికి ప్రకోపిస్తుందట. అందుకని తీపి, చేదు, వగరు రుచులు, తేలిగ్గా అరిగే తిండి. శాలి బియ్యం, పెసలు, పంచదార, తేనె, ఉసిరి, పటోలం (పొట్ల జాతి కాయ). ఉసిరి పులుపే కదా అనిపిస్తుంది గానీ, అది చలవ చేస్తుందని, అరిగాక తీపిగా మారుతుందని ఆయుర్వేదం లెక్క.

వద్దన్నవాటిలో పెరుగు, నూనె, ఎండ, తూర్పు గాలి ఉన్నాయి. కడుపు నిండా తినడం, పగటి నిద్ర కూడా! ఈ ముక్క మా ఆయనకు గట్టిగా చదివి వినిపించాను. వినపడనట్టు అటు తిరిగి పడుకున్నారు.

పగలు ఎండకు కాగి, రాత్రి వెన్నెలకు చల్లారి, అగస్త్య నక్షత్రం ఉదయించడంతో విషం విరిగిన నీళ్లను హంసోదకం అన్నారు. అమృతంతో సమానమట. మా ఇంట్లో ఆ డ్యూటీ ఫిల్టర్ మెషీన్‌ది.

మధ్యాహ్నం సింగపూర్ నుంచి చెల్లెలు వీడియో కాల్ చేసింది. పక్కింటి చైనా ఆవిడ బేరికాయలు, తెల్ల పుట్టగొడుగు, పటికబెల్లం వేసి ఉడికించిన సూప్ ఇచ్చిందట. వాళ్ల వైద్యంలో శరత్తు ఊపిరితిత్తుల కాలం. గాలి పొడిబారి గొంతు ఎండుతుందని, తడినిచ్చేవి తినమంటారు. మనకేమో పిత్తం గొడవ. సింగపూర్‌లో అసలు శరత్తే లేదు, అయినా నెల రాగానే సూప్ పొయ్యెక్కుతుంది. నాకది నచ్చింది.

పటోలం ఇక్కడ దొరకదు కాబట్టి పొట్లకాయ తెచ్చాను. నానిన పెసరపప్పు వేసి ఉడికించి, కొబ్బరి కోరు చల్లి, నేతిలో జీలకర్ర, కరివేపాకు పోపు పెట్టాను. ఎండుమిర్చి ఒక్కటే. మా వాడు "హాస్పిటల్ కూర" అని పేరు పెట్టి, ఊరగాయ జాడీ దగ్గరికి లాక్కున్నాడు. నాకు మాత్రం సాయంత్రానికి మంట తగ్గినట్టే ఉంది. కూర మహిమో, ఎండలోకి మళ్లీ వెళ్లకపోవడమో!

శాస్త్రం ఇంత చెప్పినా, మన పండగలు దాని మాట విన్నట్టు లేవు. దసరా తొమ్మిది రోజులూ పులిహోర, దద్ధోజనం, గారెలు. పులుపు, పెరుగు, నూనె, ఏదీ వదల్లేదు. ఎల్లుండి అట్లతద్ది. తెల్లవారకముందే గోంగూర పచ్చడి, పెరుగన్నం. ఈ సంగతి అత్తయ్యతో అంటే ఆవిడ కాసేపు ఆలోచించి, "గోంగూర రేపు పొద్దున్నే తెచ్చెయ్. ఎల్లుండికి కట్ట ధర పెంచేస్తారు" అన్నారు.