పాత బొమ్మలు కోసి కొలాజ్: పని ఎంతదాకా వచ్చిందంటే

ఏప్రిల్

కోసి, ఆ ముక్కలు అతికి కొలాజ్ చేద్దామని, అటక మీద ఉన్న నా పాత బొమ్మలన్నీ కిందికి దించాను. నాగావళి వంతెన, శాలిహుండం కొండ, కళింగపట్నం లైట్‌హౌసు, తేలినీలాపురం కొంగలు, వాటితోపాటు వడ్డాది పాపయ్య గారి బొమ్మలు చూసి వేసిన నకళ్ళు ఒక కట్ట. ఆయన 1921లో పుట్టింది మా శ్రీకాకుళంలోనే కాబట్టి, మా వాళ్ళలో బ్రష్షు పట్టిన చాలామంది ఆ నకళ్ళతోనే మొదలుపెట్టారు. నా నకళ్ళు మరీ అంత బాగోవు. కోయడానికి చెయ్యి ఆడింది ముందు వాటి మీదే.

వేసిన బొమ్మల్ని చింపి కొత్తవి చేయడం నేను కనిపెట్టిందేమీ కాదు. న్యూయార్క్‌లో లీ క్రాస్నర్ అనే చిత్రకారిణి 1950లలోనే తన డ్రాయింగులు తానే చింపి, ఆ ముక్కలతో కొలాజ్‌లు చేసి 1955లో ప్రదర్శన పెట్టింది. ఈ మాట మా ఫ్రేముల షాపాయనకి చెబితే, "ఆవిడ గొడవ ఆవిడదండి. ఏసిందాన్ని కోసేత్తారేటి మాస్టారూ?" అన్నాడు. అంటూనే పటకారు చేతికిచ్చాడు.

మే

విప్పడమే సగం పని. వెనక ప్లైవుడ్‌కి కొట్టిన మేకులు తుప్పు పట్టి తలలు ఊడిపోతున్నాయి. కాస్త కొబ్బరినూనె వేసి రాత్రంతా వదిలేస్తే పొద్దున పటకారుకి వస్తున్నాయి. కాన్వాస్‌ని చెక్క మీంచి లాగకూడదు, లాగితే రంగు పగుళ్ళిస్తుంది. పిన్నుల కింద స్క్రూడ్రైవర్ దూర్చి ఒక్కొక్కటీ లేపాలి.

మన ఎండల్లో ఆక్రిలిక్‌తో ఇంకో తంటా ఉంది. వేడికి రంగు మెత్తబడి, ఒకదాని మీద ఒకటి పెట్టిన బొమ్మలు అతుక్కుపోతాయి. అందుకే మధ్యలో బటర్ పేపర్ వేస్తున్నాను, కోత పని తెల్లవారుజామునే ముగిస్తున్నాను. ఆయిల్ కాన్వాస్ అయితే వెనకవైపు పెన్సిల్‌తో గీసుకుని, కొత్త బ్లేడుతో వెనకనుంచే కోయాలి. పాత ఆయిల్ బొమ్మని గరుకు కాగితంతో మాత్రం రుద్దకండి. పాతకాలపు తెలుపు, పసుపు రంగుల్లో సీసం ఉండొచ్చు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

జూన్

అసలు సరదా ఇక్కడ మొదలైంది. కళింగపట్నం సూర్యాస్తమయం వాటర్ కలర్ ఒకటి కిటికీకి ఎదురుగా ఏళ్ళ తరబడి వేలాడింది. మౌంట్ (ఫ్రేములో బొమ్మ చుట్టూ పెట్టే అట్ట) తీసి చూస్తే, దాని కింద దాక్కున్న అంచు ఇంకా నిగనిగలాడే క్రిమ్సన్ ఎరుపులో ఉంది, మధ్య ఆకాశం మాత్రం వెలిసి పాలిపోయింది. అదే బొమ్మలోని ఇసక, కొండ చెక్కుచెదరలేదు. మట్టి రంగులు వెలుతురుకి తట్టుకుంటాయి, చవక క్రిమ్సన్ తట్టుకోదు. ఈ తేడా పుస్తకాల్లో చదివిందే అయినా, ఒకే కాగితం మీద పక్కపక్కన చూస్తే ఆ లెక్క వేరు. నేను కలిపింది ఒక్క ఎరుపు. ఎండ దాన్ని రెండు చేసిపెట్టింది. ఆ రెండో రంగుని ఇప్పుడు కలపమంటే నా వల్ల కాదు.

అప్పట్నుంచి పద్ధతి మార్చాను. ఏది ఏ బొమ్మలోదన్నది పక్కనపెట్టి, ఇవాళ అది ఏ రంగులో ఉందో చూసి ముక్కలు వేరు చేస్తున్నాను. మౌంట్ కింది అంచులకి ప్రత్యేకంగా ఒక కవరు. ఇలా చేస్తే గుర్తుపట్టే ముక్కల బెడద కూడా తగ్గింది. లైట్‌హౌసు ముక్క ఎక్కడ పెట్టినా లైట్‌హౌసే, చూసేవాళ్ళ కన్ను తిన్నగా అక్కడికే పోతుంది. దాన్ని నిలువు పేలికలుగా కోసి అడ్డంగా తిప్పాను. ఇప్పుడది ఉత్త బూడిదరంగు చారలు, నాకు కావలసింది అదే. అతికే ముందు ముక్కలు పేర్చి, ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫోటో తీసి చూస్తున్నాను. రంగుల మాయ పోయి, వెలుగునీడలు ఎక్కడ కుదరలేదో తెలిసిపోతుంది.

జులై

వానలొచ్చాయి, జిగురు ఆరదు. ఫెవికాల్ రాసిన పలకని మీద బరువు పెట్టి రాత్రంతా వదలాలి, ముసురు పడితే ఇంకో పూట కూడా. కాగితం ముక్కలకి వెనక తడి రాసి, అది సాగేదాకా కాసేపాగి అతికితే ఉబ్బెత్తులు రావు. పలక వంగకుండా వెనకవైపు కూడా అంతే మందం కాగితం అతకాలి. ఇది మానితే పలక అప్పడంలా లేచిపోతుంది.

వాటర్ కలర్, పోస్టర్ కలర్ ముక్కల మూల తడి దూదితో ఒత్తి చూడండి. దూదికి రంగు అంటితే ముందు ఫిక్సేటివ్ (రంగు కదలకుండా పట్టి ఉంచే స్ప్రే) కొట్టాలి. ఇక ఆయిల్ ముక్క ఎప్పుడూ అన్నిటికన్నా పైనే ఉండాలి. దాని వెనక ఉత్త గుడ్డ కాబట్టి ఫెవికాల్ పడుతుంది, ముందున్న జిడ్డు మీద మాత్రం ఏదీ నిలవదు. బైండింగ్ వాళ్ళు వాడే మైదా జిగురూ చూశాను. పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. కాగితానికి బాగానే ఉంది, కాన్వాస్ బరువు ఆపలేదు.

ఇప్పుడు

పెద్దది రెండడుగుల బై మూడడుగుల హార్డ్‌బోర్డు మీద నడుస్తోంది. కింద పొందూరు ఖద్దరు అతికాను. వాలుగ చేప పళ్ళతో దూది ఏకి నేసే ఆ సన్న ఖద్దరు జిగురులో ఒదిగిపోయి, పైన అతికిన ముక్కల మీద నేత గుర్తులు తేలనివ్వదు. ముదురు ఎరుపు అంచులు పైన, వెలిసిన ఆకాశం కింద పెట్టాను. కుడివైపు మూల ఇంకా ఖాళీ. కొంగల బొమ్మలోని నీళ్ళు అక్కడికి సరిపోతాయేమో చూడాలి.

ఆక్రిలిక్ రంగు ఫ్రేము గాజుకి తగిలితే అతుక్కుంటుంది కాబట్టి మధ్యలో సన్నటి బద్ద వేయాలి. దానికి పాత కాన్వాస్ కర్రలే చీల్చి వాడదామని నేను, చెద పట్టి ఉంటుంది వద్దని ఫ్రేములాయన. గోరుతో గీకి చూపించినా ఒప్పుకోవడం లేదు.