ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం ఇండక్షన్: నా అనుభవం

2022 నవంబరులో, జేఎన్‌టీయూ హైదరాబాద్‌కు అనుబంధంగా ఉన్న ఒక ఇంజినీరింగ్ కళాశాలలో బీటెక్ మొదటి సంవత్సరంలో చేరాను. మాది సూర్యాపేట దగ్గరి పల్లెటూరు. ఇంటర్ దాకా తెలుగు మాధ్యమంలోనే చదివాను. సీటు కోసం వెబ్ ఆప్షన్లు (ఆన్‌లైన్‌లో కళాశాలల ఎంపిక) ఎలా పెట్టాలో, వచ్చిన సీటు ఖాయం చేసుకునే సెల్ఫ్ రిపోర్టింగ్ ఎప్పటిలోగా చేయాలో చెప్పేవాళ్లు మా ఊళ్లో చాలామందే ఉన్నారు గానీ, కళాశాల గేటు దాటాక ఇండక్షన్ అనే పరిచయ కార్యక్రమం జరిగే మొదటి రోజుల్లో ఏం ఉంటుందో చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు.

తల్లిదండ్రుల్లో ఒకరిని వెంట తీసుకురమ్మని సందేశం వచ్చింది కాబట్టి నాన్న పొలం పని ఆపుకొని నాతో వచ్చారు. ఉదయమంతా సర్టిఫికెట్ల పరిశీలనకే సరిపోయింది. కౌంటరులో ఉన్న ఉద్యోగి టీసీతో పాటు పదో తరగతి, ఇంటర్ మెమోలు కూడా ఇచ్చి వెళ్లమన్నారు. అసలు పత్రాలను పరిశీలించి తిరిగి ఇచ్చేయాలే తప్ప కళాశాలలు తమ దగ్గర ఉంచుకోకూడదని విశ్వవిద్యాలయాల నియంత్రణ సంస్థ యూజీసీ 2018లోనే ప్రకటించిందని మా ఇంటర్ అధ్యాపకులు ముందే చెప్పి ఉన్నందున, ఆ మాటే వినయంగా అడిగాను. కొంతసేపు లోపల మాట్లాడుకొని, టీసీ ఒక్కటే ఉంచుకొని మెమోలు తిరిగి ఇచ్చారు. జిరాక్సు సెట్లు మాత్రం నాలుగు తీసుకున్నారు. కొత్తగా చేరేవాళ్లు కనీసం ఆరు సెట్లు, పది పాస్‌పోర్టు సైజు ఫొటోలు దగ్గర పెట్టుకోవడం మంచిది, ఎందుకంటే హాస్టలు, బస్సు పాసు, గ్రంథాలయం, ఉపకారవేతనం, అన్నిటికీ అవే అడుగుతారు.

మధ్యాహ్నం సభ జరిగింది. జ్యోతి ప్రజ్వలన, స్వాగతోపన్యాసం, గత సంవత్సరం ఉద్యోగాలు పొందినవారి వివరాలు, అన్నీ ఆంగ్లంలోనే సాగాయి. నాన్న రెండు మూడుసార్లు నా వైపు వంగి, "సారు ఏమంటున్నరు బిడ్డా?" అని అడిగారు. నాకూ సగమే అర్థమవుతుండటంతో ఏం చెప్పాలో తెలియక ఇబ్బంది పడ్డాను. చివర్లో అధ్యాపకులు ఒకరు వేదిక మీదికి వచ్చి, ఏవైనా సందేహాలుంటే అడగమన్నారు. హాలంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు నాన్న లేచి నిలబడి, "స్కాలర్‌షిప్పు పైసలు ఆలస్యమైతే మా పిల్లను పరీక్ష రాయనిస్తరా సార్?" అని తెలుగులో అడిగారు.

ఆ రోజు మాకు పనికొచ్చిన సమాచారమంతా ఆ ప్రశ్న తర్వాతే దొరికింది. ఆ అధ్యాపకులు తెలుగులోకి మారి, ప్రభుత్వ ఉపకారవేతనాల వెబ్‌సైటు ఈ-పాస్‌లో దరఖాస్తు చేసి, మీసేవలో వేలిముద్ర వేసి, ప్రతిని కార్యాలయంలో ఇచ్చినవారికి తమ కళాశాలలో హాల్‌టికెట్ ఆపరని చెప్పారు. ఆదాయ ధ్రువపత్రం తాజాది కావాలనీ, బీసీ విద్యార్థులకు కుటుంబ వార్షికాదాయ పరిమితి గ్రామాల్లో 1,50,000, పట్టణాల్లో 2,00,000 రూపాయలనీ, ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎంసెట్‌లో 10,000 లోపు ర్యాంకు వచ్చిన బీసీలకు పూర్తి ఫీజు వస్తే, మిగతావారికి సాధారణంగా 35,000 రూపాయలే వస్తాయనీ వివరించారు. అప్పటిదాకా మౌనంగా ఉన్న తల్లిదండ్రులు ఒకరి తర్వాత ఒకరు లేచి హాస్టల్ భోజనం గురించి, ఆడపిల్లల బస్సుల వేళల గురించి అడగసాగారు. నాన్న అడిగి ఉండకపోతే మేమందరం నమస్కారం పెట్టి, ఏమీ తెలియకుండానే ఇళ్లకు వెళ్లిపోయేవాళ్లమని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

హాజరు నియమం కూడా అప్పుడే నోటు పుస్తకంలో రాసుకున్నాను. అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే వైద్య కారణాలు చూపి, రుసుము కట్టి, కండోనేషన్, అంటే హాజరు మినహాయింపు, కోరవచ్చు. 65 కంటే తగ్గితే ఆ సెమిస్టరు డిటైన్ చేస్తారు, అంటే పరీక్ష రాయనివ్వరు. 2022లో చేరిన మాకు వర్తించే ఆర్22 నిబంధనల ప్రకారం సబ్జెక్టుకు 100 మార్కుల్లో 40 అంతర్గతం, 60 సెమిస్టరు పరీక్ష. వాటిలో వేరువేరుగా కనీసం 14, 21 రావాలి, రెండూ కలిపి కనీసం 40 ఉండాలి. 14, 21 కలిపితే 35 మాత్రమే అవుతుందన్న సంగతిని చాలామంది మొదటి ఫలితాలు వచ్చాక గానీ గమనించలేదు.

ర్యాగింగ్ నిరోధక పత్రాన్ని విద్యార్థీ, తల్లిదండ్రులూ ఇద్దరూ ఆన్‌లైన్‌లో నింపాలి. నాన్న పేరున నేనే నింపుతుంటే, పక్కనున్న అధ్యాపకురాలు ఆపి, అందులో ఏముందో ముందు ఆయనకు చదివి వినిపించమన్నారు. ర్యాగింగ్‌ను నేరంగా పరిగణించే చట్టం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే వచ్చిందనీ, 1800-180-5522 నంబరుకు పగలూ రాత్రీ ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చనీ ఆమె చెప్పారు. నన్ను హాస్టల్లో వదిలి వెళ్లడానికి భయపడుతున్న నాన్న ఆ నంబరును అక్కడికక్కడే తన ఫోన్‌లో రాసుకున్నారు.

మరునాటి నుంచి అసలు ఇండక్షన్ మొదలైంది. సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ దీన్ని మూడు వారాల కార్యక్రమంగా రూపొందించింది. ఉదయం యోగా లేదా ఆటలు, తర్వాత మానవ విలువల చర్చ, మధ్యాహ్నం చిత్రలేఖనమో సంగీతమో, మధ్యలో ప్రయోగశాలల సందర్శన ఉండేవి. పాఠాలు కావు కదా అని కొందరు రెండో వారానికే ఊళ్లకు వెళ్లిపోయారు. వాళ్లు పోగొట్టుకున్నది చిన్న బృందాల చర్చలను. ఇరవై మందికి ఒక మెంటార్ చొప్పున కూర్చోబెట్టేవారు. మా మెంటార్ మేడమ్ మొదటి రోజే, "మీకు వచ్చిన భాషలో చెప్పండి" అన్నారు. నేను ఆంగ్ల పాఠాలను అందుకోలేనేమోనన్న భయాన్ని తెలుగులోనే బయటపెట్టాను. నా తర్వాత మరో ఏడుగురు అదే మాట చెప్పారు. ఆమె మా ఎనిమిది మందికీ సాయంత్రం గంటసేపు గణితం, భౌతికశాస్త్రాల ఆంగ్ల పదాలను తెలుగులో విడమరచి చెప్పడం మొదలుపెట్టారు. అవకలనం డిఫరెన్షియేషన్ అనీ, సమాకలనం ఇంటిగ్రేషన్ అనీ, మాత్రిక మ్యాట్రిక్స్ అనీ రెండు వరుసల్లో రాసుకున్న ఆ పుస్తకం మొదటి మిడ్ పరీక్షల వరకు నా బల్ల మీదే ఉంది.